కరెంటు వచ్చాక: గృహ స్వయంచాలక పరికరాల అనుసంధానంపై ఒక సమీక్ష

ఇంటిలోని దీపాలు, గీజర్లు, నీటి మోటార్లు, కెమెరాలు, తలుపు తాళాలు వైఫై ద్వారా గాని, అటువంటి మరొక రేడియో పద్ధతి ద్వారా గాని కలిసి ఉండి, ఫోనులోని యాప్ నుంచి నడిచే ఏర్పాటును గృహ స్వయంచాలన అంటారు. ఈ ఏర్పాటు మీద తరచుగా వినవచ్చే ఫిర్యాదు పరికరం కాలిపోయిందనో, విరిగిపోయిందనో కాదు; అది గోడకు నిక్షేపంగా ఉండి, చేతితో నొక్కితే పనిచేస్తూనే, యాప్‌లో మాత్రం ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుందన్నది. తయారీదారులు, నెట్‌వర్క్ నిపుణులు, పరిశోధకులు ఈ సమస్యను ప్రధానంగా సంబంధం తెగకుండా కాపాడటం ఎలా అన్న కోణం నుంచి చర్చించారు. తెగిన సంబంధం ఎవరి చేయీ పడకుండా తిరిగి ఎలా కలుస్తుంది, కలిసేలోగా ఇల్లు ఎలా నడుస్తుంది అన్న కోణానికి ఆ చర్చలో దక్కిన చోటు తక్కువ. కరెంటు, కేబులు, గోడలు తమ తమ కారణాలతో అంతరాయం కలిగించే హైదరాబాదు ఉత్తర శివారు వంటి చోట ఈ రెండవ కోణమే ముఖ్యమైనదని చెప్పడానికి తగినంత ఆధారం ఉంది.

ఆ శివారులోని సుచిత్ర కూడలి నాగపూర్ జాతీయ రహదారి మీద, బోయినపల్లికీ కొంపల్లికీ నడుమ ఉన్నది. జీడిమెట్ల పారిశ్రామికవాడ వైపు వెళ్లే దారి అక్కడే చీలుతుంది. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు చెందిన ఈ ప్రాంతంలో పలు తరాల గృహనిర్మాణం పక్కపక్కనే కనబడుతుంది: వీలు చిక్కినప్పుడల్లా ఒక్కొక్క అంతస్తు పైకి వేసుకుంటూ పోయిన సొంత ఇళ్లు, అయిదంతస్తుల అపార్టుమెంట్లు, మేడ్చల్, శామీర్‌పేట దిశలలో విస్తరించిన విల్లాల గేటెడ్ కమ్యూనిటీలు, వాటి మధ్య లేచిన ఎత్తైన టవర్లు. ఒకే కంపెనీ స్విచ్చి ఈ ఇళ్లలో ఒక్కో చోట ఒక్కో రకంగా ప్రవర్తిస్తున్నదంటే కారణాన్ని ముందుగా ఇంటిలోనే వెదకడం సబబు.

ఈ విషయంపై వచ్చిన పరిశోధనలో రెండు రచనలను తప్పక ప్రస్తావించాలి. జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన కీత్ ఎడ్వర్డ్స్, రెబెక్కా గ్రింటర్ 2001లో ప్రచురించిన పత్రంలో ఇంటి కంప్యూటరీకరణకు ఎదురయ్యే ఏడు సవాళ్లను పేర్కొన్నారు; ఇల్లు ఒక ప్రణాళిక ప్రకారం కాక కొద్దికొద్దిగా, దాదాపు యాదృచ్ఛికంగా ‘స్మార్ట్’ అవుతుందనీ, ఆఫీసులో ఉన్నట్లు ఇంటికి ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉండడనీ వారు చేసిన హెచ్చరికలు నేటికీ చెల్లుతాయి. పదేళ్ల తరువాత, 2011లో, మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి చెందిన ఎ. జె. బ్రష్ తదితరులు స్వయంచాలన అప్పటికే అమర్చుకున్న 14 కుటుంబాలను పరిశీలించి, ఖర్చు, పరికరాల మధ్య పొందిక లేకపోవడం, నిర్వహణ భారం, భద్రత అనే నాలుగు అడ్డంకులను గుర్తించారు. ఆ ఏడింటిలోనూ ఈ నాలుగింటిలోనూ కరెంటు పోవడం ఒక ప్రత్యేకాంశంగా లేదు. ఆ లోపానికి పరిశోధకులను తప్పు పట్టనవసరం లేదు గాని, ఆ నిర్ధారణలను యథాతథంగా సుచిత్రకు తెచ్చుకోవడం పొరపాటు. ఇక్కడి పరిస్థితికి వాటికంటె దగ్గరగా వచ్చేది, ఇళ్లతో నేరుగా సంబంధం లేని, సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రతిపాదించిన సూత్రం: మధ్యలోని మార్గం ఎంత నమ్మకమైనదైనా, పని పూర్తయిందో లేదో నిర్ధారించుకోవలసిన బాధ్యత రెండు చివరలనున్న యంత్రాలదే.

మధ్యలోని మార్గం చిన్నదేమీ కాదు. పడకగదిలో కూర్చున్న మనిషి ఫోనులో ఫ్యాను గుర్తును తాకినప్పుడు, చవకరకం పరికరాలలో చాలావరకు, ఆ ఆజ్ఞ రౌటర్‌కు, అక్కడి నుంచి ఫైబర్ కేబులు వచ్చి కలిసే ఓఎన్‌టీ అనే పెట్టెకు, వీధి స్తంభాల మీదుగా ఇంటర్నెట్ సంస్థకు, దాని ద్వారా తయారీదారు అద్దెకు తీసుకున్న సర్వర్‌కు చేరి, మళ్లీ అదే దారిలో వెనుకకు వచ్చి, నాలుగడుగుల దూరంలోని స్విచ్చి బోర్డుకు అందుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా యాప్‌లో కనబడేది ‘ఆఫ్‌లైన్’ అన్న ఒక్క మాటే కావడం వల్ల, ఫిర్యాదు అందుకున్న ప్రతివారూ రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయమనే సలహాతో సరిపెట్టడం ఆనవాయితీ అయింది.

మొదటి లంకె రేడియో. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005 జనవరిలో అనుమతి లభించింది. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన పట్టీ 2018 అక్టోబరులో అదే విధంగా విడుదలైంది. అయినా చవక పరికరాలు 2.4 దగ్గరే నిలిచిపోయాయి, ఎందుకంటే 2014లో మార్కెట్‌లోకి వచ్చి ఈ రంగాన్ని సామాన్యుల అందుబాటులోకి తెచ్చిన ఎస్ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 చిప్పు ఆ ఒక్క పట్టీనే అర్థం చేసుకోగలదు, దాని తరువాత వచ్చిన వాటిలోనూ ఎక్కువ భాగం అంతే. ఆ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడే చానళ్లు 1, 6, 11 అనే మూడే. అయిదంతస్తుల అపార్టుమెంట్‌లో ఇరవై రౌటర్లు ఉంటే అవి ఈ మూడింటినే పంచుకోవాలి. రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టి, పరికరాలను బలవంతంగా 5 వైపు నెట్టే కొత్త రౌటర్ల తీరు, భద్రతకు సంబంధించిన డబ్ల్యూపీఏ3 పద్ధతిని మాత్రమే ఒప్పుకొనే అమరిక, పాత చిప్పులను గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. స్వయంచాలక పరికరాలకు 2.4లో విడిగా ఒక పేరు, పాత డబ్ల్యూపీఏ2 పద్ధతి కేటాయించడం ఇందుకు తెలిసిన మందు.

జిగ్‌బీ అనే పద్ధతి కూడా ఈ 2.4 పట్టీలోనే 11 నుంచి 26 వరకు పదహారు చానళ్లలో నడుస్తుంది. విదేశీ మార్గదర్శకాలు 25, 26 చానళ్లు వైఫై తాకిడికి దూరమని చెబుతాయి గాని, ఆ మాట వైఫై 11వ చానల్ దాటి పోనిచోటనే నిజం. మన దేశంలో 13 వరకు అనుమతి ఉన్నందున, పక్కింటి రౌటర్ 13లో ఉంటే ఆ రెండు చానళ్లకూ రక్షణ ఉండదు. జిగ్‌బీలో కరెంటుతో నడిచే దాదాపు ప్రతి బల్బు, ప్రతి ప్లగ్గు తన సందేశాలతో పాటు ఇతర పరికరాల సందేశాలనూ మోసి ముందుకు అందిస్తుంది. ఇది మంచి గుణమే గాని, గదిలో నుంచి బయటికి వస్తూ బోర్డు మీద స్విచ్చి ఆపేయడం చిన్ననాటి నుంచి నేర్చిన క్రమశిక్షణ అయిన ఇళ్లలో, ఆపేసిన బల్బుతో పాటు దాని వెనుకనున్న పరికరాలకు దారీ పోతుంది. అమ్మమ్మను ఆ అలవాటు మానమనడం కంటె బల్బును వదిలి స్విచ్చినే స్మార్ట్ చేయడం మేలు.

గోడల సంగతి రేడియో గ్రంథాలలో ఒక పట్టికగా ముగిసిపోతుంది, ఇంటిలో మాత్రం అలా ముగియదు. సొంత ఇళ్లలో ఇటుక గోడల కంటె స్లాబులోని ఉక్కు కడ్డీలు ఎక్కువ అడ్డు. కొత్త టవర్లలో అల్యూమినియం అచ్చులతో గోడలనూ స్లాబునూ కలిపి కాంక్రీటుతో పోసే మైవాన్ పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. అందులో గదికీ గదికీ నడుమ ఉన్నది ఇటుక కాదు, కడ్డీలు దాచుకున్న కాంక్రీటు. వీటన్నింటినీ మించి, స్విచ్చి బోర్డు వెనుక గోడలో పాతే ఇనుప రేకు పెట్టెలో రిలే మాడ్యూల్‌ను, అంటే ఫోను ఆజ్ఞతో సర్క్యూట్‌ను కలిపి విడదీసే చిన్న పరికరాన్ని, ఇరికించినప్పుడు, దాని యాంటెన్నాకు ముందు వైపు ప్లాస్టిక్ మూత తప్ప మిగిలిన అన్ని దిక్కులా లోహమే ఉంటుంది. ఇటువంటి చోట రౌటర్ శక్తిని పెంచడం వృథా, ఎందుకంటే రౌటర్ మాట పరికరానికి వినిపించినా పరికరం బలహీనమైన మాట రౌటర్‌కు వినిపించదు. ఇళ్లలో అంతటా సిగ్నల్ అందించే మెష్ రౌటర్లు ఇందుకు మేలైనవే. అయితే అవి తమలో తాము మాట్లాడుకోవడానికి 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లతో పంచుకునే చానళ్లను ఎంచుకుంటే, రాడార్ జాడ తగిలినప్పుడల్లా ఆ చానల్‌ను ఖాళీ చేయవలసి వస్తుంది. హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు దగ్గరలోనే ఉన్న ఈ ప్రాంతంలో ఆ చానళ్లను మొదటే వదిలివేయడం జాగ్రత్త గల పని.

రేడియో విషయంలో హైదరాబాదు వినియోగదారు మాత్రమే కాదు. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ ఇక్కడి ఇంజనీర్లతో తక్కువ కరెంటుతో నడిచే వైఫై చిప్పులను రూపొందించింది. 2020లో అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ ఆ సంస్థ వైర్‌లెస్ వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొన్నది. ఇటువంటి చిప్పుతో నడిచే బ్యాటరీ పరికరం ఎప్పుడూ మేలుకొని ఉండలేదు కనుక, రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు ప్రకటించే ఉనికి సంకేతాలలో కొన్నింటికి మాత్రమే లేచి, తనకేమైనా సందేశం ఉన్నదేమో చూసుకొని మళ్లీ నిద్రపోతుంది. ఎంతసేపు నిద్రపోతే బ్యాటరీ నిలుస్తుంది, ఎంతసేపు దాటితే రౌటర్ దానిని మరచిపోతుంది అన్న తూకమే ఈ శాఖలోని కష్టమంతా.

అయినా ఈ ప్రాంతంలో సంబంధం తెగడానికి రేడియో కంటె పెద్ద కారణం కరెంటు. ఎండాకాలపు గాలిదుమారం, వానాకాలపు ఫీడర్ ట్రిప్పులు తెచ్చే అంతరాయం మనిషి లెక్కలో ఒకటే, పరికరం లెక్కలో మాత్రం రెండు మూడు: కరెంటు పోయినప్పుడొకటి, అపార్టుమెంట్ జనరేటర్ అందుకున్నప్పుడు మరొకటి, జనరేటర్ నుంచి తిరిగి లైను మీదికి మారినప్పుడు ఇంకొకటి. చాలా స్మార్ట్ బల్బులలో, ప్లగ్గులలో వెంటవెంటనే మూడు నుంచి అయిదుసార్లు ఆపి వేస్తే పాత అమరికంతా చెరిగిపోయి కొత్తగా జత కలిసే స్థితికి వెళ్లే ఏర్పాటు ఉంటుంది. బొత్తాము పెట్టే చోటు లేని బల్బుకు అది సౌకర్యమే. కరెంటు వచ్చి పోయి వచ్చి పోయే సాయంత్రం మాత్రం ఎవరూ తాకకుండానే బల్బు తన ఇంటిని మరచిపోయి, మెరుస్తూ కొత్త యజమాని కోసం ఎదురుచూస్తుంది. ఈ ఏర్పాటును యాప్‌లో ఆపివేసే వీలున్న పరికరాన్నే కొనడం మంచిది.

కరెంటు నిలకడగా తిరిగి వచ్చినప్పుడు వేరొక చిక్కు మొదలవుతుంది. స్విచ్చిలోని చిప్పు కొద్ది సెకన్లలో మేలుకుంటుంది. ఓఎన్‌టీ, రౌటర్ సిద్ధం కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోగా స్విచ్చి వైఫైని వెదికి, కనబడక, కొన్ని ప్రయత్నాల తరువాత మానేస్తే, లేదా తానే ఒక హాట్‌స్పాట్‌గా మారి అమరిక కోసం కూర్చుంటే, రౌటర్ లేచిన తరువాత కూడా అది తిరిగి రాదు. కనుక పరికరాన్ని అంచనా వేయడానికి అడగవలసిన మొదటి ప్రశ్న అది ఎంత దూరం నుంచి పనిచేస్తుందని కాదు, ఎంతసేపు ప్రయత్నిస్తుందని.

ప్రయత్నించడంలోనూ ఒక మర్యాద ఉన్నది, అది లోపిస్తే ఏమవుతుందో తెలంగాణ రైతాంగం అనుభవించింది. వ్యవసాయానికి విడతలవారీగా, తరచు రాత్రివేళ కరెంటు ఇచ్చిన కాలంలో రైతులు పంపుసెట్లకు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచేది, చీకటిలో బావి దగ్గరికి నడిచి, పాముకో షాకుకో గురయ్యే అవసరం తప్పేది. ఒక్కొక్క రైతుకు అది న్యాయమైన ఉపాయం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచినప్పుడు, ఇండక్షన్ మోటారు నడిచేటప్పటి కంటె మొదలయ్యేటప్పుడు అనేక రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు అది మోయలేని బరువు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన సందర్భంలో ప్రభుత్వమూ పంపిణీ సంస్థలూ ఆటోస్టార్టర్లను తొలగించమని రైతులను కోరాయి. భూగర్భజలం వృథా అవుతుందన్నది అందుకు మరొక బలమైన కారణం.

నెట్‌వర్క్ శాస్త్రం ఈ చిక్కుకు తొలగింపు కాక మరొక పరిష్కారం కనుగొన్నది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్‌లో, రెండు కేంద్రాల సందేశాలు ఢీకొన్నప్పుడు రెండూ వెంటనే తిరిగి పంపక, ఏదో ఒక యాదృచ్ఛిక వ్యవధి ఆగి పంపేవి. ఆ వ్యవధిని విఫలమైన కొద్దీ రెట్టింపు చేసే పద్ధతి తరువాత ఈథర్‌నెట్‌తో స్థిరపడింది. నేటి మంచి పరికరంలో రెండు గుణాలు ఉంటాయి: ప్రయత్నాన్ని ఎప్పటికీ మానదు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ వ్యవధిని పెంచుకుంటూ, అందులో కొంత తేడాను కలుపుకుంటూ పోతుంది. ఇరవై పరికరాల ఇంటిలో రౌటర్‌కు ఇది ప్రాణసంకటమేమీ కాదని ఒప్పుకోవాలి. ఒక కాలనీ మొత్తానికి కరెంటు తిరిగి వచ్చిన క్షణాన తయారీదారు సర్వర్‌కు దీని విలువ తెలుస్తుంది.

ఇంటివారి చేతిలో ఉన్న మార్గం మరింత సులువైనది. రౌటర్, ఓఎన్‌టీ రెండూ సాధారణంగా 12 వోల్టులతో నడుస్తాయి. వాటికి ఒక చిన్న డీసీ యూపీఎస్ పెడితే పరికరాలు లేచేసరికి వైఫై సిద్ధంగా ఉంటుంది. రౌటర్‌కు మాత్రమే పెట్టి ఓఎన్‌టీని మరచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా దాని మీట ఎకోలో ఉంటే లైను నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి లేస్తుంది. యూపీఎస్ వైపు తిప్పితే చాలావరకు ఆగదు.

స్విచ్చి బోర్డుకు న్యూట్రల్ తీగె రాకపోవడం మరొక మరుగున పడిన కారణం. సాకెట్టు ఉన్న బోర్డుకు న్యూట్రల్ ఎలాగూ వస్తుంది. దీపాల స్విచ్చిలు మాత్రమే ఉన్న పాత బోర్డులకు, మెట్ల దగ్గరి టూవే స్విచ్చిలకు ఫేజు మాత్రమే దించి వదిలేసిన వైరింగ్ తరచుగా కనబడుతుంది. న్యూట్రల్ లేకుండా పనిచేసే స్మార్ట్ స్విచ్చి తనకు కావలసిన కరెంటును బల్బు గుండా కొద్దికొద్దిగా లాక్కుంటుంది. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంటే అది ఆపినా మిణుకుమంటుంది, వైఫై చిప్పుకు సందేశం పంపే క్షణంలో కావలసిన కరెంటు అందక అది మళ్లీ మళ్లీ మొదలవుతుంది. నెట్ బాగాలేదని నెలల తరబడి రౌటర్లు మార్చిన ఇంటికి అవసరమైనది కొన్ని మీటర్ల నల్ల తీగె కావచ్చు.

ఇంటి గేటు దాటితే విషయం ఇంటివారి అదుపు తప్పుతుంది. కేబుళ్లు విద్యుత్ స్తంభాల మీదుగా వేలాడటం నగరమంతటా ఉన్నదే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తీగె తగిలి అయిదుగురు మరణించిన తరువాత, స్తంభాల మీది కేబుళ్లను సిబ్బంది కత్తిరించివేయడంతో అనేక ప్రాంతాలలో బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకు చేరింది. ప్రాణభయం ముందు ఇంటర్నెట్ అంతరాయం చిన్నదన్న వాదనను కాదనలేము; కేబుళ్లకు భూగర్భ మార్గం చూపకుండా ఏళ్ల తరబడి స్తంభాలను అద్దెకిచ్చిన వ్యవస్థ నిర్దోషి అనీ అనలేము. సుచిత్ర వద్ద రహదారి విస్తరణ, పైవంతెనల పనులు సాగే చోట తవ్వకాల ముప్పు దీనికి తోడవుతుంది.

కేబులు నిలిచి ఉన్నా సంబంధం నిలుస్తుందన్న హామీ లేదు. ఇంటర్నెట్ చిరునామాల కొరత వల్ల అనేక సంస్థలు ఎందరో చందాదారులకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను వాడుతున్నాయి. రౌటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే ఆ ఇల్లు ఈ ఉమ్మడి ఏర్పాటులో ఉన్నట్లే. అటువంటి ఇంటిని బయటి నుంచి నేరుగా పిలవడం సాధ్యం కాదు. పరికరమే సర్వర్‌ను పిలిచి ఆ లైనును తెరిచి ఉంచాలి. కొంతసేపు మాటలేమీ సాగకపోతే మధ్యలోని యంత్రం ఆ లైనును చెప్పకుండా మూసేస్తుంది, పరికరం మాత్రం తాను కలిసే ఉన్నాననుకుంటుంది. దీనికి విరుగుడు ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతిలో దొరుకుతుంది. చమురు గొట్టాల పర్యవేక్షణకు, ఖరీదైన ఉపగ్రహ లైన్ల కోసం ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ 1999లో దీనిని రూపొందించారు. పరికరం నిర్ణీత వ్యవధిలో ఒక చిన్న పలకరింపు పంపాలి. ఆ వ్యవధికి ఒకటిన్నర రెట్లు గడిచినా ఏమీ అందకపోతే సర్వర్ దానిని తెగినట్లు లెక్కించి, పరికరం ముందుగానే అప్పగించి ఉంచిన చివరి సందేశాన్ని ఇతరులకు తెలియజేస్తుంది. తెగడం తప్పదని ముందే ఒప్పుకొని కట్టిన పద్ధతి కావడమే దీని ఘనత.

సర్వర్ దగ్గర తెగినప్పుడు ఇంటివారు చేయగలిగేది శూన్యం. 2016 మేలో ఇంటి పరికరాలను కలిపే రివాల్వ్ అనే హబ్బు సేవను దాని యాజమాన్యం ఆపివేయడంతో కొన్నవారి చేతిలో ఖాళీ పెట్టె మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే గృహ స్వయంచాలన సంస్థ సర్వర్లు ముందస్తు మాటైనా లేకుండా ఆగిపోయాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా కేంద్రంలో తలెత్తిన లోపంతో అలెక్సా, రింగ్ సేవలు స్తంభించాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులోనే డేటా కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించినా, సుచిత్రలోని స్విచ్చికి అది అదే నగర ప్రాంతంలో ఉన్నందువల్ల లాభం లేదు. పరికరం ఏ దేశపు సర్వర్‌ను పిలవాలన్నది తయారీదారు నిర్ణయం.

విదేశాలలో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల ఇంటిని అమర్చిపెట్టే కుటుంబాలలో ఈ చిక్కు మరొక రూపం దాలుస్తుంది. కొన్ని యాప్‌లలో ఖాతా తెరిచిన దేశాన్ని బట్టి సర్వర్ ప్రాంతం నిర్ణయమవుతుంది, డల్లాస్‌లో తెరిచిన ఖాతాకూ ఇక్కడ తెరిచిన ఖాతాకూ పొత్తు కుదరదు. జెడ్-వేవ్ అనే మరొక రేడియో పద్ధతిలో నడిచే, సూట్‌కేసులో తెచ్చిన పరికరాలది మరీ కష్టం: అమెరికాలో అవి 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో మాట్లాడతాయి, మన దేశంలో ఆ పద్ధతికి కేటాయించినది 865 ప్రాంతం, పైగా 120 వోల్టులకు చేసిన స్విచ్చిని 230 మీద పెట్టడం ప్రమాదం.

ఆజ్ఞ ఇల్లు దాటకుండానే పని జరిగే ఏర్పాటు వైపు పరిశ్రమ కదలడం ఇటువంటి వైఫల్యాలకు ఒక జవాబు. 2013లో పౌలస్ స్కూట్‌సెన్ ప్రారంభించిన హోం అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంటిలోని చిన్న కంప్యూటర్‌పై నడిచి సర్వర్ అవసరాన్ని తగ్గించింది. 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ ప్రమాణం వివిధ కంపెనీల పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే నేరుగా మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాషను ఇచ్చింది. అయితే ఈ భాష ఐపీవీ6 చిరునామాల మీద, ఒకే సందేశాన్ని ఇంటిలోని అందరికీ వినిపించే మల్టీకాస్ట్ పద్ధతి మీద ఆధారపడుతుంది. వాటిని సరిగా చేరవేయని రౌటర్ ఉన్న ఇంటిలో కొత్త ప్రమాణం పాత జబ్బునే చూపుతుంది.

సంబంధం లేని వేళ పరికరం ఏం చేయాలన్నదానికి అన్ని పరికరాలకూ చెల్లే సమాధానం లేదు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆగి ఉండాలా, వెలగాలా, పోయినప్పటి స్థితికి చేరాలా అన్న మూడు ఎంపికలు చాలా స్విచ్చిలలో ఉంటాయి. ఫ్రిజ్ ప్లగ్గు ఆన్ కావాలి. గీజర్ ఆగి ఉండాలి. దీపాలకు పాత స్థితి మేలు, లేకుంటే రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చి ఇల్లంతా పట్టపగలవుతుంది. సంపు నుంచి పైట్యాంకుకు నీరెక్కించే మోటారు అన్నింటికంటె సున్నితమైనది. దానికి ‘ఆన్’ అని ఒకసారి, ‘ఆఫ్’ అని మరొకసారి ఆజ్ఞ పంపే పద్ధతిలో రెండవ ఆజ్ఞ దారిలో పోతే ట్యాంకు పొంగుతుంది, సంపు ఎండితే మోటారు కాలుతుంది. ఇరవై నిమిషాలు నడిచి ఆగమని ఒకే ఆజ్ఞలో చెప్పి, ఆ గడియారాన్ని స్టార్టర్‌లోనే ఉంచి, ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చిని తీగెతో నేరుగా కలిపితే, ఫోను పాత్ర చూడటానికి మాత్రమే పరిమితమవుతుంది. ట్యాంకర్ నీరు కొనుక్కునే కాలనీలో ఆ పరిమితి మంచిదే.

టెలికాం నియంత్రణ సంస్థ 2024 అక్టోబరులో భవనాల డిజిటల్ అనుసంధానానికి రేటింగ్ ఇచ్చే నిబంధనలను వెలువరించింది. ఫైబర్ మార్గం, ఇంటి లోపల మొబైల్ సిగ్నల్, వైఫై వంటి అంశాలు అందులో ప్రధానం. కట్టుబడి దశలోనే వాటిని ఆలోచించేలా చేయడం ఆహ్వానించదగినది. ప్రతి స్విచ్చి బోర్డుకూ న్యూట్రల్, ఫైబర్ వచ్చి చేరే చోట ఇన్వర్టర్ లైనుకు కలిపిన ఒక ప్లగ్గు, రౌటర్‌కు ఇంటి నడుమ ఒక స్థానం, అక్కడి వరకు గోడలో ఒక పైపు అనే కోరికలను కొనుగోలుదారు బిల్డర్ ముందు ఉంచవలసినది గోడలు పూత పూసుకోకముందే. మైవాన్ టవర్‌లోనైతే కాంక్రీటు పోయకముందే, ఎందుకంటే ఆ తరువాత అక్కడ కొత్త గాడి కొట్టడానికి గోడలోని ఉక్కు ఒప్పుకోదు.